గ్యాస్ బండ సాక్ష్యం

రిసాలి, భిలాయి
జూన్ 14

అమ్మా రజనీ,

గెలిచేసేం! గెలిచేసేమమ్మా! హైకోర్టు మన అప్పీలు తీసుకుందట!

నువ్వు పంపిన మెసేజి పొద్దున్న పక్కింటి మనోజ్‌కుమార్ చదివి చెప్పేడు. నాకు వినబడలేదు. మళ్ళీ చెప్పేడు. మళ్ళీ వినబడలేదు. పాపం, చివరికి పాత క్యాలెండరు కాగితం వెనకాల ఇంతింత లావు హిందీ అక్షరాలతో 'అప్పీల్ అడ్మిట్ హో గయా' అని రాసి నా మొహం ముందు పట్టుకున్నాడు. నేను లేచిన వేగానికి మీ అమ్మ నాకేదో అయిపోయిందనుకుని మంచినీళ్ళు పట్టుకొచ్చింది. "ఏటయింది, ఏటయింది?" అంటే, "నీ కూతురు హైకోర్టులో గెలిచేసిందే" అన్నాను. ఆ నీళ్ళు ఆవిడే తాగేసింది.

నీకు ఇంజనీరింగులో అడ్మిషన్ వచ్చినప్పుడు లైనంతా మిఠాయిలు పంచేం. మరి హైకోర్టులో అడ్మిషన్ అంటే ఊరుకుంటామేటి! సైకిలేసుకుని సెక్టర్ 6 మార్కెట్‌కి వెళ్ళి బూందీ లడ్డూలు తెచ్చేను. మన పాత క్వార్టర్ల వరసలో ప్రతి తలుపూ కొట్టేను. మనం ఖాళీ చేసిన క్వార్టర్లో ఇప్పుడు బిలాస్‌పూర్ వాళ్ళున్నారు. "కిస్ ఖుషీ మే, కాకాజీ?" అన్నాడా అబ్బాయి. "ఈ వరండా గోడ నిండా బొగ్గుతో చక్రాలు గీసి మీ అమ్మలాంటి మా ఆవిడ చేత తన్నులు తిన్న పిల్ల గెలిచింది బేటా, తిను" అన్నాను.

శ్యామసుందర్ గుర్తున్నాడు కదా, మిల్లులో నా తర్వాతి షిఫ్టుకి వచ్చే రిలీవరు? ఇప్పుడు మన తెలుగు సంఘానికి కార్యదర్శి. లడ్డూ నోట్లో పెట్టుకుని "ఏటి కనిపెట్టింది గురూ, మీ అమ్మాయి?" అన్నాడు. "బండికి దానంతట అదే గేర్లు మార్చే పెట్టె" అన్నాను. "అలాటివి ఎప్పట్నుంచో ఉన్నాయి కదేటి" అన్నాడు. నోట్లో లడ్డూ ఉందన్నట్టు నటించేను.

అందుకని, ఎనిమిదో క్లాసుతో ఆగినవాడికి అర్థమయ్యేలా రాయి. ఫోన్లో చెప్పకు. మిల్లు మోత నా చెవుల్లో కాపురం పెట్టేసింది, నువ్వు అరవాలి, నేను 'ఏటి, ఏటి' అనాలి. కాగితమైతే ఇద్దరికీ మర్యాద. తెలుగులో తప్పులుంటాయని సిగ్గుపడకు. నేర్పింది నేనే కాబట్టి తప్పులు కూడా నావే.

మీ అమ్మ నీ ఫొటోకి ఉప్పు, ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది. ఇల్లంతా ఒకటే దగ్గు.

ఇట్లు,
ఆనందం పట్టలేని మీ నాన్న
నరసింగరావు


పుణె
జూన్ 25

నాన్నకి,

రజని నమస్కారాలు. అమ్మకి కూడా.

నాన్నా, ముందు కుర్చీలో కూర్చో. మనం గెలవలేదు.

అడ్మిట్ అయిందంటే కోర్టు 'సరే, మీ మొర వింటాం' అంది. బస్, అంతే. వినడం ఇంకా మొదలవలేదు. తిన్న లడ్డూలు వెనక్కి అడగలేం గాని, ఇంక ఎవరికీ గెలిచేమని చెప్పకు.

ఇప్పుడు నువ్వడిగింది చెప్తాను. సత్యప్రసాద్ చిన్నాన్న నన్ను నందిని గనుల్లో డంపరు ఎక్కించేవాడు కదా. సున్నపురాయి నింపుకుని గోతిలోంచి పైకెక్కే బండి. గేర్లు వాటంతటవే మారే డంపర్లకి ఒక జబ్బుంది. ఎక్కుడు దారిలో మలుపు దగ్గర డ్రైవరు కాలు కాస్త ఎత్తగానే, అది చదును దారి వచ్చిందనుకుని పై గేరు వేసేస్తుంది. బరువు లాగలేక గుంజుకుంటుంది. మళ్ళీ కింది గేరు. మళ్ళీ పై గేరు. అంత రాయి వీపు మీద పెట్టుకుని ఆ కుదుపులో బండి వెనక్కి జారిందంటే కింద ఉన్నవాళ్ళ గతేమిటి?

తన మీద ఎంత బరువుందో బండికి తెలిస్తే ఆ తప్పు చెయ్యదు. కానీ నడిచే బండిలో బరువు కొలవలేమని అందరూ వదిలేసేరు. గతుకుల్లో కొలత ఎగిరెగిరి పడుతుంది. నేను ఆ ఎగరడాన్నే కొలిచేను.

అర్థం కాకపోతే గ్యాస్ బండ గుర్తు తెచ్చుకో. సైకిల్ వెనక బండ కట్టి, నన్ను ముందు రాడ్డు మీద కూర్చోబెట్టి తీసుకెళ్ళేవాడివి. వెళ్ళేటప్పుడు ఖాళీ బండ ప్రతి గతుక్కీ గణగణమని గంతులేసేది. వచ్చేటప్పుడు నిండు బండ ధబ్బుమని ఒక్క ఊపు ఊగి ఊరుకునేది. కళ్ళు మూసుకుని కూడా నేను చెప్పేదాన్ని ఏది ఖాళీయో, ఏది నిండో. డంపరు కూడా అంతే. అది ఊగే తీరులోంచి నా పెట్టె బరువు తెలుసుకుంటుంది, దారి ఎంత ఎక్కుడుగా ఉందో చూస్తుంది, రెండూ కలిపి 'ఇప్పుడు గేరు మార్చొద్దు' అని పట్టి ఉంచుతుంది.

ఇది నాదేనని రాసిచ్చే పేటెంటు కోసం దరఖాస్తు పెడితే ఒక పెద్ద డంపర్ల కంపెనీ అడ్డం పడింది. 'పాత పేటెంటు కాగితం ఒకదాన్లో బరువు సంగతి ఉంది, ఇంకోదాన్లో ఎక్కుడు సంగతి ఉంది, రెండూ కలిపితే ఇదే, పని తెలిసిన ఎవడికైనా తట్టేస్తుంది' అంది. పేటెంటు ఆఫీసరుగారు అదే ఒప్పుకుని నా దరఖాస్తు కొట్టేసేరు. పేటెంటు ఇవ్వాలంటే కొత్తదైతే చాలదు నాన్నా, ఎవరికైనా ఇట్టే తట్టేసేది కాకూడదు. అదీ రూలు. అప్పీలంతా దాని మీదే.

మజా ఏంటంటే, ఆ కంపెనీ ఇదే పద్ధతి తన కొత్త డంపర్లలో పెట్టి అమ్ముకుంటోంది. ఎవరికైనా తట్టేదే అయితే, నా దరఖాస్తు చదివేదాకా వాళ్ళకెందుకు తట్టలేదు? ఉద్యోగం మానేసి నేను ఈ షెడ్డులో పెట్టె తయారుచేస్తూ కూర్చుంది వాళ్ళకి ఊరికే ఇచ్చెయ్యడానికి కాదు. వదలను. రాసి పెట్టుకో.

నీ
రజని


రిసాలి
ఆగస్టు 20

అమ్మా రజనీ,

రాసి పెట్టుకున్నాను. దేవుడి గూట్లో పెట్టేను.

గెలవలేదా? పోనీ! ఆ లడ్డూలు రాబోయే గెలుపుకి అడ్వాన్సు అనుకుందాం. నువ్వు చెప్పినట్టే ఆ తర్వాత ఎవరి దగ్గరా గెలిచేమన్న మాట ఎత్తలేదు. నామీద నాకే ముచ్చటేసింది.

ఇప్పుడొక సంతోషం. పంద్రాగస్టు నాడు జెండా ఎగరేశాక మన తెలుగు సంఘం హాల్లో శ్యామసుందర్ నీ పేరు మీద నాకు శాలువా కప్పేడు! నీకు కప్పాల్సింది, నువ్వు దూరంగా ఉన్నావని నాకు కప్పేడు. ఉక్కపోత, పైన ఉన్ని శాలువా, అయినా తియ్యలేదు. మైకు పట్టుకుని వాడు ఒకటే పొగడ్త. "మన సెక్టర్ 6 పిల్ల! హైకోర్టు దాకా ఎల్లింది! కంపెనీలన్నీ వణికిపోతన్నాయి! ఇలాటి బుర్ర దేశంలోనే లేదు!" అంటున్నాడట. నాకు సగమే వినబడింది, సగానికే చెమటలు పట్టేయి. హాల్లో అందరి కళ్ళూ నీ ఫొటో మీదే. మీ అమ్మ వెనకనుంచి నా వీపు గిల్లి, "అలగ కూసుంటారేటి, పిల్లకి దిష్టి తగిలిపోద్ది, ఏదోటి అనండి" అంది. పక్కవాళ్ళు ఉలిక్కిపడేలా అంది, నాకు వినబడాలి కదా.

మరి తండ్రినన్నాక ఊరుకుంటానా? మైకు లాక్కున్నాను. "అబ్బే, ఏటుందండీ, ఏదో చిన్న పని, కాలక్షేపానికి చేసుకుంది" అనేసేను. అందరూ నవ్వేరు, చప్పట్లు కొట్టేరు. కళ్ళన్నీ నీ మీంచి లేచిపోయేయి. నాకు కళ్ళారా కనబడింది.

కిందకి దిగేసరికి హిందీ పేపరు కుర్రాడు విక్రమ్ పట్టుకున్నాడు. "కాకాజీ, ఇత్నా బడా కామ్!" అన్నాడు. వాడిదీ దిష్టికళ్ళే, ఇంతింత గుడ్లు. "అరే నహీ బేటా, ఛోటా-సా కామ్" అన్నాను. నువ్వు చెప్పిన గ్యాస్ బండ సంగతి కూడా చెప్పేను. "గ్యాస్ బండ సైకిల్ మీద మోసినవాడికి ఎవడికైనా తెలుసు బాబూ ఇది" అన్నాను. వాడు గబగబా రాసేసుకున్నాడు.

మర్నాడు పేపర్లో పడింది. శాలువాతో నా ఫొటో! శాలువా కొంచెం నలుపుగా పడింది గాని నేను బాగానే వచ్చేను. ఒక కాపీ ఇందులో పెడుతున్నాను. ఇంకో కాపీ బొబ్బిలిలో మీ గున్నమ్మత్తకి పంపేను.

నువ్వు ధైర్యంగా ఉండు. నీకు దిష్టి తగలకుండా ఇక్కడ నేను కాపలా ఉన్నాను.

ఇట్లు,
శాలువా కప్పించుకున్న మీ నాన్న
నరసింగరావు


పుణె
అక్టోబరు 9

నాన్నా,

నువ్వు పంపిన పేపరు చూసి నవ్వుకుని పక్కన పెట్టేను. అప్పుడే నీకు రాయాల్సింది.

ఆ కంపెనీవాళ్ళు కోర్టులో జవాబు వేసేరు. ఆఖరి పేజీలో నీ ఫొటో ఉంది. శాలువాతో సహా. పైన హెడ్డింగు: 'గ్యాస్ బండ మోసినవాడికి ఎవడికైనా తెలుసు: ఆవిష్కర్త తండ్రి.' దాని కింద వాళ్ళ వకీలు రాసింది చూడు. 'ఇది ఎంత తేలికగా తట్టే సంగతో దరఖాస్తుదారు కన్నతండ్రే ఒప్పుకున్నారు. వేరే సాక్ష్యం ఎందుకు?'

మా లాయరు మణిమాలగారు పడిపడి నవ్వేరు. దీని వల్ల కేసు పోదు, ఊరికే వెక్కిరించడానికి పెట్టేరు అన్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

నాన్నా, ఒకటి అడుగుతాను. నేను స్కూల్లో ఫస్టు వచ్చినప్పుడు ఏమన్నావు? "ఈసారి మిగతా పిల్లలు సరిగ్గా చదవలేదేమో" అన్నావు. ఇంజనీరింగులో సీటొస్తే "సీట్లు ఎక్కువున్నాయిట ఈ ఏడు" అన్నావు. లడ్డూలు పంచేవు, ఊరంతా తిరిగేవు, కానీ ఎవరైనా నా పేరెత్తి మెచ్చుకుంటే చాలు, నన్ను చిన్నది చేసేసేవాడివి. దిష్టి కోసమని తెలుసు. తెలిసినా, పక్కన నిలబడి వినేదాన్ని నేనే కదా. ఇన్నేళ్ళూ బయటివాళ్ళు 'నీది చిన్న పని' అంటే పోట్లాడేను. ఇంట్లోంచి అదే మాట వచ్చి ఎదుటివాళ్ళ ఫైల్లో కూర్చుంటే ఎవరితో పోట్లాడను?

ఇంకో సంగతి నీకు రాయలేదు. ఆ కంపెనీ కబురు పంపింది. అప్పీలు వెనక్కి తీసుకో, పేటెంటు ఊసెత్తకు, మా దగ్గర మంచి పోస్టులో చేరు అంటోంది. ఆలోచిస్తున్నాను. షెడ్డులో ఒక్కదాన్నే కూర్చుని కూర్చుని అలిసిపోయేను. హా, ఒప్పుకుంటాను అనేద్దామనిపిస్తోంది.

రజని


రిసాలి
నవంబరు 2

అమ్మా రజనీ,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయలేక కాదు. ఒక పని మీద తిరిగేను. అది అయ్యేకే రాద్దామని పట్టుబట్టి కూర్చున్నాను.

ముందు, హా అనకు. అనడానికి వీల్లేదు. మిల్లులో ఒక పద్ధతి ఉంది, నీకు తెలుసు, ఎన్ని రాత్రులు అన్నం మూతపెట్టుకుని కూర్చున్నారో మీరు. షిఫ్టు అయిపోయినా సరే, రిలీవరు వచ్చి ఎదురుగా నిలబడి "నేను చూసుకుంటాను, నువ్వు ఎల్లు" అని నోటితో అంటేగాని చోటు వదలకూడదు. లోపల ఎర్రటి ఇనుము పరిగెడుతూ ఉంటుంది. అలిసిపోయేనంటే అది ఆగదు. శ్యామసుందర్‌కి బస్సు తప్పిపోయేది, జ్వరం వచ్చేది, మరదలి పెళ్ళి అయ్యేది. తిట్టుకుంటూ రెండో షిఫ్టూ నేనే చేసేవాణ్ణి. నీ చోట్లోకి ఎవరొచ్చేరు? ఆ కంపెనీయా? అది రిలీవరు కాదు తల్లీ, నువ్వు కునుకు తీస్తే కుర్చీ ఎత్తుకుపోవడానికి వచ్చింది. కదలకు.

ఇక నా ఫొటో సంగతి. నువ్వు రాసింది చదివి మీ అమ్మ నాతో రెండు పూటలు మాటాడలేదు. "నువ్వే గిల్లేవు కదే" అంటే, "గిల్లితే ఆపుకోవాల, వాగమన్నానేటి" అంది. నేను సంఘం హాలుకి వెళ్ళేను. మన వాళ్ళంతా చీట్లపేక ఆడుతున్నారు. "ఒరే, మీలో గ్యాస్ బండ సైకిల్ మీద మొయ్యనోడు చెయ్యెత్తండి" అన్నాను. ఒక్కడూ ఎత్తలేదు. "ఖాళీ బండ గంతులేస్తాది, నిండు బండ ఊగి ఊరుకుంటాది, తెలుసా?" అంటే "తెలవకేటి" అన్నారు. "మరి దాన్తో డంపరుకి గేరు ఆపొచ్చని ఎవడికి తట్టింది?" అన్నాను. శ్యామసుందర్ ముక్కలు కిందపెట్టి, "గురూ, మాకు బండ దించేటప్పుడు నడుం గురించి తప్ప ఏదీ తట్టలేదు" అన్నాడు. అదీ! నాకు తట్టిందా? నాకూ తట్టలేదు. ముందు రాడ్డు మీద కూర్చున్న పిల్లకి తట్టింది.

ఆ మాట ఊరికే అంటే చాలదనిపించింది. నా నోటి మాట కోర్టుకెక్కింది కాబట్టి దాని మీదికి ఇంకో మాట కూడా కోర్టు కాగితం మీదే ఎక్కాలి. దుర్గ్ కచేరీకి వెళ్ళేను. చెట్టు కింద నోటరీ వకీలు కూర్చున్నాడు.

"కాకా, కేసు ఎవరి మీద?" అన్నాడు.

"నా మీదే" అన్నాను.

"ఏం చేశారు?"

"నా కూతుర్ని తక్కువ చేసి చెప్పేను."

"ఇది నేరం కాదు కాకా. ఇంటికి వెళ్ళండి."

"నేరం కాదని నాకూ తెలుసు. అబద్ధం. అది దిద్దాలి. రాయి" అని బల్ల మీద గుద్దేను. నా గొంతు ఎంత లేచిందో గాని, చుట్టూ ఉన్న వకీళ్ళంతా మూగేరు. అందరి ముందూ హిందీలో చెప్పి రాయించి, ముద్ర వేయించేను. అసలు కాగితం ఇందులో ఉంది. నీకోసం తెలుగులో ఇక్కడ రాస్తున్నాను:

'నేను, నరసింగరావు, మిల్లులో పనిచేసి రిటైరైనవాణ్ణి, దేవుడి మీద ప్రమాణం చేసి చెప్పేదేమంటే: పంద్రాగస్టు నాడు నా కూతురు రజనీకుమారి పని చిన్న పని అని నేను అన్నాను. అది అబద్ధం. పిల్లకి దిష్టి తగలకూడదని చెప్పిన అబద్ధం. మా వైపు తల్లిదండ్రులు చాలామంది ఇలాగే చెప్తారు. నేను ఏళ్ళ తరబడి సైకిల్ మీద గ్యాస్ బండ మోసేను. అప్పటికి నా చెవులు బాగానే పనిచేసేవి. ఆ చప్పుడు నాకూ వినబడింది, కానీ అందులో ఏముందో నాకు తెలియలేదు. నా కూతురికి తెలిసింది. ఆమె చేసింది గొప్ప పని. ఈ మాట నేను ఇంతకు ముందెప్పుడూ అనలేదు. ఇప్పుడు అంటున్నాను.'

ఆఖరి రెండు మాటలు కోర్టుకి అక్కర్లేదు కాకా, తీసేద్దాం అన్నాడు వకీలు. తియ్యడానికి వీల్లేదన్నాను.

దిష్టి లేదని నేను అనను. ఉంది. దాని సంగతి ఇకనుంచి మీ అమ్మా, ఎండుమిరపకాయలూ చూసుకుంటాయి. నా నోరు ఆ డ్యూటీ దిగిపోయింది.

పోట్లాడు.

మీ నాన్న
నరసింగరావు


పుణె
ఫిబ్రవరి 11

నాన్నా,

ఈ ఉత్తరం నిలబడి చదవకు. అమ్మ ఇంట్లో ఉంటే పిలువు, లేకపోతే ఒక్కడివే చదువు. కానీ కూర్చో.

కొన్ని సంగతులు నీకు చెప్పకుండా దాచేను. నీ కాగితం వచ్చేసరికి ఆ కంపెనీకి హా అంటూ ఉత్తరం టైపు చేసి పెట్టేను. పంపడమే మిగిలింది. నీ కవరు విప్పి చదివేను. మళ్ళీ చదివేను. తర్వాత వాళ్ళకి ఒక్క లైను రాసేను: 'కోర్టులో కలుద్దాం.'

వాదన జనవరిలో జరిగింది. తారీఖు నీకు కావాలనే చెప్పలేదు. చెప్తే శాలువా కప్పుకుని దిగిపోతావని భయం.

నీ కాగితం కోర్టులో వెయ్యలేదు నాన్నా. అవసరం లేదన్నారు మణిమాలగారు. కానీ నా ఫైల్లో అన్నిటికన్నా పైన అదే పెట్టుకుని కూర్చున్నాను. ఎదుటి వకీలు లేచి నీ పేపరు మాట చదివేడు, గొంతు సాగదీసి, నాటకంలోలాగ. హాల్లో ఎవరో నవ్వేరు. జడ్జిగారు కళ్ళద్దాలు తీసి అడిగేరు.

"ఈ పెద్దాయన వాహనాల పని తెలిసినవారా?"

"కాదండి, స్టీలు మిల్లులో చేసి రిటైరయ్యేరు."

"గేర్ల గురించి ఏమైనా తెలుసా?"

"తెలియదనుకుంటానండి. దరఖాస్తుదారుకి తండ్రి."

"పని తెలిసినవాడికి తడుతుందా లేదా అన్నది కదా మన ప్రశ్న. పని తెలియని తండ్రి మాట నాకెందుకు చదివి వినిపించేరు? పిల్లల గురించి మా ఇంట్లోనూ ఇలాగే మాట్లాడతాం. కూర్చోండి."

నాన్నా, ఆ వకీలు కూర్చున్న తీరు నువ్వు చూడాల్సింది.

అసలు వాదన దాని తర్వాత. వాళ్ళు చూపించిన పాత కాగితమే 'నడిచే బండిలో బరువు కొలవకండి, గతుకుల వల్ల తప్పొస్తుంది, ఆపి కొలవండి' అని చెప్తోంది. మణిమాలగారు ఆ లైను పెద్దగా చదివేరు. "ఇది చదివిన పనివాడు నడిచే బండి జోలికే వెళ్ళడు. గతుకుల్నే కొలుద్దామని అతనికి ఎక్కడినుంచి తడుతుంది? జవాబు చేతిలో పెట్టుకుని వెనక్కి నడిస్తే ప్రతి లెక్కా తేలికే" అన్నారు. ఎదుటి వకీలు రెండు కాగితాలూ కలిపి చూడమని మళ్ళీ మళ్ళీ అడిగేడు. ఎందుకు కలపాలో మాత్రం చెప్పలేకపోయేడు.

తీర్పు ఇవాళ వచ్చింది.

దరఖాస్తు కొట్టేసిన ఆర్డరు రద్దు. ఇది ఎవరికైనా తట్టే సంగతి కాదు అని రాసేరు. పేటెంటు ఇవ్వమని ఆఫీసుకి ఆదేశం. వింటాం అనడం కాదు నాన్నా, మళ్ళీ విచారించండి అనడం కూడా కాదు. ఇవ్వండి అన్నారు. ఈసారి అడ్మిషన్ కాదు, పాసు.

ఆ కంపెనీ ఇంకా పైకి వెళ్తానంటోందట. వెళ్ళనీ. చోటు వదిలేది లేదు.

మనోజ్ భయ్యాకి మెసేజి పెట్టలేదు. అమ్మకి ఫోను చెయ్యలేదు. ఎవరికీ చెప్పలేదు. ఈసారి ఊరికి చెప్పేది నువ్వే. ఎలా చెప్తావో నాకు తెలియాలి.

నీ
రజని


రిసాలి
ఫిబ్రవరి 17

అమ్మా రజనీకుమారీ,

గెలిచేం! గెలిచేం, గెలిచేం! ఈసారి చదివి, మళ్ళీ చదివి, వేలు పెట్టి లైను లైనూ చదివి, గెలిచేమని నిర్ధారణ చేసుకుని రాస్తున్నాను. గెలిచేం!

నాకు గేర్ల గురించి ఏమీ తెలియదని హైకోర్టు జడ్జిగారు తేల్చి చెప్పేరా! చాలా సంతోషం! ఇంత సంతోషం నాకు రిటైర్మెంటు రోజున కూడా కలగలేదు. పని తెలియనివాడని ముద్ర వేయించుకుని ఇంత గర్వపడ్డ మనిషి భిలాయిలో ఇంకోడు ఉండడు. ఆయన ఇంట్లోనూ ఇలాగే మాట్లాడతారట కదా, ఆయన పిల్లలు కూడా ఏదో గొప్ప పని చేసే ఉంటారు. వాళ్ళని కూడా చల్లగా చూడమని దణ్ణం పెట్టేను.

నా కాగితం కోర్టులో వెయ్యలేదని రాసేవు. మంచిదే. అది కోర్టు కోసం రాయించింది కాదని రాయిస్తున్నప్పుడే నాకు తెలుసు. నీ దగ్గరే ఉంచుకో.

వాళ్ళు పైకి వెళ్తారా? వెళ్ళనీ! ఎంత పైకి వెళ్తే అంత పై గేరు వేసుకుంటారు, ఎక్కుడులో జారేది వాళ్ళే. చూసేవా, నాకూ గేర్ల భాష వచ్చేస్తోంది. జడ్జిగారికి చెప్పకు.

ఈసారి లడ్డూలు ముందు కొనలేదు. ముందు ఉత్తరం, తర్వాతే బజారు. ఎలా చెప్తావో తెలియాలన్నావు కదా. ఎవరెవరికి, ఎలాగ చెప్తానో రాస్తున్నాను. నువ్వు ఎవరితోనైనా మాట్లాడితే ఇలాగే చెప్పేనో లేదో అడిగి చూసుకో.

నందినిలో సత్యప్రసాద్ చిన్నాన్న. ముందు వాడికే. డంపరు ఎక్కించింది వాడు కదా. "నువ్వు ఎక్కించిన పిల్ల ఇప్పుడు డంపరుకే బుద్ధి చెప్పింది" అంటాను. ఏడుస్తాడు, ఏడవనిస్తాను.

బొబ్బిలిలో గున్నమ్మత్త. పేపరు కాపీ పంపితే "ఇంతేనేట్రా, గ్యాస్ బండేనా?" అని పరాచికాలాడింది. ఆవిడకి ఉత్తరం కాదు, ఫోనే చేస్తాను. "ఇంతే కాదే అక్కా, చాలా ఉంది, కూసుని విను" అంటాను. ఆవిడేమన్నా నాకెలాగూ వినబడదు.

విశాఖపట్నంలో మురళీధర్ మావయ్య. ఆడపిల్ల ఉద్యోగం మానేసి షెడ్డులో కూర్చుందేటని అన్నది ఆయనే. తీర్పు కాపీ పంపు, హిందీ రాదు ఆయనకి, ఇంగ్లీషులోనే చదువుకుంటాడు, పూర్తిగా.

శ్రీకాకుళంలో అప్పలకొండ పెదనాన్న. ఆయన అడిగేది ఒకటే, "పిల్ల భోంచేస్తోందా" అని. చేస్తోందని చెప్తాను. నువ్వు చెయ్యి.

రాయపూర్‌లో ఛాయ వదిన, మీ అన్నయ్య. వదినకి తెలుగు రాదు కాబట్టి హిందీలోనే చెప్తాను. 'ఛోటా-సా' అన్న మాట మాత్రం నా నోట రాదు.

సెక్టర్ 6లో శ్యామసుందర్. చుట్టం కాదు గాని చుట్టమే. మళ్ళీ శాలువా అంటాడు. ఈసారి నువ్వు వచ్చేకే, నీకే కప్పాలంటాను. మైకు నాకివ్వమంటాను. ఏమంటానో విక్రమ్‌ని దగ్గర కూర్చుని రాసుకోమంటాను.

ఆఖరున మీ అమ్మ దుర్గాదేవి. ఆవిడకే ముందు చెప్పాలి గాని, ఎండుమిరపకాయలు అయిపోయేయని బజారుకెళ్ళింది. అదిగో, గేటు తీస్తోంది. వీధిలోనే చెప్పేస్తాను, "నీ కూతురు చాలా పెద్ద పని చేసిందే" అని. నా గొంతు ఎంత పెద్దదో నాకు తెలియదు కదమ్మా. వీధంతా వింటే విననీ.